పర్మినెంటక్క చేతులు కట్టుకున్న రోజు

ఆ ఊరి రిజర్వు దళంలో అందరూ శనాదివారాల సైనికులే. నెలకోసారి, రెండు రోజులు. మిగతా రోజుల్లో ఒకాయన రొట్టెలు కాలుస్తాడు, ఒకావిడ బడిలో లెక్కలు చెబుతుంది, దళానికి కెప్టెనైన పెద్దమనిషి ఊళ్ళోవాళ్ళ పళ్ళు పీకుతాడు. ఆ రెండు రోజులూ మాత్రం యూనిఫారాలు తొడుక్కుని, బొత్తం పట్టనివాళ్ళు పొట్ట లోపలికి లాక్కుని, ఏటి పక్కనున్న రేకుల షెడ్డుకి వచ్చేస్తారు. వరదలొచ్చి కొళాయిలు ఆగిపోతే ఏటి బురదనీళ్ళని తాగేనీళ్ళుగా మార్చి జనానికి అందించడం వాళ్ళ బాధ్యత.

వాళ్ళ మధ్య పూర్తికాలం సైనికురాలు ఒక్కతే. ఆవిడ సార్జెంటు. ఈ శనాదివారాల వాళ్ళకి అండగా ఉండమని పెద్ద సైన్యం నుంచి పంపించారు. అందరూ ఆవిడని పర్మినెంటక్క అంటారు. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన బేకరీ ఆయన కూడా అక్కా అనే పిలుస్తాడు. ఆవిడేమో ఆయన్ని బాబాయ్ అంటుంది. ఈ వరస ఎలా కుదిరిందో ఎవరూ ఆలోచించలేదు, ఇద్దరికీ ఇబ్బందీ లేదు.

అక్క ఈ పోస్టింగు కోరి తెచ్చుకుంది. కొన్నేళ్ళ కిందట ఈ ఊరికి వరదొచ్చినప్పుడు ఇక్కడ దళమూ లేదు, షెడ్డూ లేదు. దూరపు కంటోన్మెంటు నుంచి నీళ్ళ యంత్రాలు లారీల మీద వచ్చేసరికి రోజులు గడిచిపోయాయి. అప్పటికే జనం దొరికిన నీళ్ళు తాగేశారు, ఆస్పత్రిలో పిల్లల వార్డు నిండిపోయింది. ఆ లారీల్లో ఒకదాని మీద అక్క ఉంది. బిందెలు పట్టుకుని నిలబడ్డ తల్లులు ఆవిడని తిట్టలేదు, కనీసం ఆలస్యమెందుకైందని అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆవిడకి ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే ఈ దళాన్ని నెత్తిన పెట్టుకుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా షెడ్డులో ఒక్కతే. వాళ్ళు ఎక్కడ వదిలేసిన గొట్టాలు అక్కడ తీసి, బురద కడిగి, ఆరబెట్టి చుట్టేది. ఫిల్టర్లు తోమేది. పంపుకి నూనె మార్చేది. డీజిలు కారకుండా ట్యాంకు కింది చిన్న కొళాయిని కట్టేసి ఉంచేది, శనివారం పొద్దున్నే వాళ్ళు రాకముందు తిప్పి పెట్టేది. వాళ్ళొచ్చేసరికి అన్నీ వరసగా పరిచి ఉండేవి. బేకరీ ఆయన తాడు ఒక్క లాగు లాగితే పంపు గుర్రుమనేది, అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. క్లోరిన్ సరిగ్గా కలిసిందో లేదో చివర్లో చూసే పరీక్ష కూడా అక్కే చేసి, "బాగున్నాయి, తాగొచ్చు" అనేది. అందరూ తాగి ఇళ్ళకెళ్ళేవాళ్ళు. ఇంత ప్రేమగా ఒక దళాన్ని చెడగొట్టడం అందరివల్లా అయ్యే పని కాదు.

చెడిందన్న సంగతి పరీక్ష రోజున బయటపడింది.

పరీక్షించడానికి వచ్చిన కల్నలు సన్నగా, పొడుగ్గా, నవ్వితే ఎవరో కోప్పడతారన్నట్టుండే మనిషి. షెడ్డు గేటు దగ్గరే అక్కని ఆపి ఆవిడ జబ్బకి తెల్లగుడ్డ కట్టాడు.

"మీరివాళ లేరు," అన్నాడు.

అదొక పద్ధతి. గుడ్డ కట్టిన మనిషి దెబ్బతిన్నట్టో, ఊళ్ళో లేనట్టో లెక్క. మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు. అక్క వెళ్ళి గోడ పక్కన నిలబడింది. ఆవిడకేం భయం లేదు. వాళ్ళు ఎన్నిసార్లు చెయ్యలేదు ఈ పని!

బేకరీ ఆయన తాడు లాగాడు. పంపు కిక్కురుమనలేదు. మళ్ళీ లాగాడు. పిండి పిసికి పిసికి రాటుదేలిన చేతులు ఆయనవి, తాడు తెగుతుందేమోనని పక్కవాళ్ళు భయపడ్డారు గానీ పంపు మాత్రం కదల్లేదు. కెప్టెన్ టార్చి వేసి, నోరు తెరవమని అడుగుతున్నట్టు దాని లోపలికి తొంగిచూశాడు. లెక్కల టీచరు డీజిలు ట్యాంకు మూత తీసి, "నిండుగా ఉందే!" అంది. వంతులవారీగా అందరూ లాగారు. ట్యాంకు కింద బొటనవేలంత కొళాయి ఒకటుందని, అది కట్టేసి ఉందని, ఆ షెడ్డులో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి గోడ పక్కన నిలబడి గోళ్ళు అరచేతుల్లో గుచ్చుకుంటోంది.

చివరికి కల్నలే వచ్చి, వంగి, కొళాయి తిప్పి, తాడు లాగాడు. పంపు మొదలైంది. అందరికీ తల కొట్టేసినట్టయింది.

ఆయన రాసుకున్నది అక్కడే చదివి వినిపించాడు. "ఈ దళంలో సైనికురాలు ఒక్కరే ఉన్నారు. ఆమె లేనినాడు దళం లేదు." తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "వానాకాలంలో మళ్ళీ వస్తాను. అప్పుడూ ఇంతే అయితే షెడ్డుకి తాళం వేసి యంత్రాలు కంటోన్మెంటుకి పట్టుకుపోతాం," అన్నాడు.

నిజం చెప్పుకోవాలంటే, ఆ మొదటి వాక్యం వినగానే అక్కకి లోపల్లోపల కాస్త బాగానే అనిపించింది. మనిషన్నాక అనిపిస్తుంది. రెండో వాక్యం బస్సెక్కాక గుచ్చుకోవడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు వంటగదిలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. భర్త లారీ మీద దూరాలు తిరిగే మనిషి, నెలలో సగం ఇంట్లో ఉండడు. అత్తాకోడళ్ళిద్దరే ఒకరి మీద ఒకరు సణుక్కుంటూ హాయిగా బతుకుతున్నారు.

"ఏమైందే, మొహం అలా వేలాడేసుకుని వచ్చావ్?" అంది అత్తగారు.

అక్క బూట్లు విప్పుకుంటూ మొత్తం చెప్పింది.

"అయితే నువ్వు లేకపోతే వాళ్ళు మంచినీళ్ళు కూడా తాగలేరన్నమాట."

"అదే రాశారు అత్తయ్యా."

"రాయరా మరి? ముద్ద కలిపి నోట్లో పెడుతుంటే ఎవరైనా చెయ్యెందుకు కదుపుతారు? నీ మొగుణ్ణి నేనలాగే చెడగొట్టాను. ఇవాళ్టికీ వాడి సాక్సులు ఎక్కడుంటాయో వాడికి తెలీదు."

అక్కకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆగిపోయింది. సాక్సులు వెతికిపెట్టేది ఇప్పుడు తనే.

సోమవారం షెడ్డులో గొట్టాలు బురదతో కొండచిలువల్లా పడి ఉన్నాయి. చెయ్యి దానంతటదే బ్రష్షు మీదికి వెళ్ళింది. అక్క చేతిని వెనక్కి లాక్కుంది. పాడవకూడదు గనక పంపుకి మాత్రం నూనె చూసి, డీజిలు కొళాయి కట్టేసి, తాళం వేసి ఇంటికెళ్ళింది. ఆ నెలంతా ఆవిడ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పని చెయ్యడం కంటే చెయ్యకుండా ఉండడం ఇంత కష్టమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

తర్వాతి నెల శనివారానికి గొట్టాలు కంపు కొడుతున్నాయి. బేకరీ ఆయన గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు.

"ఇదేంటక్కా?"

"పోయిన నెల మీరు వదిలివెళ్ళినవే బాబాయ్."

"కడగలేదా?"

"లేదు. ఇక కడగను. డీజిలు కొళాయి తిప్పను, గొట్టాలు పరవను, నీళ్ళు పరీక్షించను. అడిగితే ఎన్నిసార్లయినా చెబుతాను. ముట్టుకోను."

కెప్టెన్ ముందుకొచ్చాడు. నెమ్మదస్తుడు, కోపంలోనూ మర్యాద వదలడు.

"సార్జెంట్ గారూ, మేమంతా వారమంతా ఒళ్ళు వంచి పనిచేసి వచ్చేవాళ్ళం. బాబాయ్ తెల్లవారక ముందే బట్టీ వెలిగిస్తాడు. నాకు ఊపిరాడదు. వారమంతా మీకు జీతమిచ్చేది ఈ పనికే కదండీ?"

మాట సూటిగా తగిలింది. అక్క మొహం ఎర్రబడింది, గొంతు మాత్రం తొణకలేదు. "కాదు సార్. నన్ను పంపింది మీకు సాయం చెయ్యమని. నేనేమో మీ పని చేశాను. రెండూ ఒకటే అనుకున్నాను, నా పొరపాటే. కానీ వరద శనివారాలు చూసుకుని రాదు. ఆ రోజు నేను ఊళ్ళో లేకపోతే?"

ఆ రెండు రోజులూ కడగడంతోనే సరిపోయింది. చుక్క మంచినీళ్ళు తయారు కాలేదు. ఆదివారం సాయంత్రం బేకరీ ఆయన టోపీ తీసి బెంచి మీద పెట్టాడు.

"వచ్చే నెల నేను రాను. బురద కడుక్కోవడానికి నాకు ఇంట్లో పెరడుంది," అని వెళ్ళిపోయాడు.

ఆయన పోతే దళం సగం పోయినట్టే. బలం ఆయనది, నవ్వించేదీ ఆయనే. అక్క రెండు రోజులు పంతం పట్టి కూర్చుంది. మూడో రోజు మధ్యాహ్నం, గిరాకీ పల్చబడే వేళ చూసి బేకరీకి వెళ్ళింది. లోపల బట్టీ వేడికి గోడల మీద సున్నం పెచ్చులూడుతోంది. ఆయన బల్ల మీద పిండి చల్లుతున్నాడు, తలెత్తలేదు.

"రొట్టె కావాలా, రాజీ కావాలా?" అన్నాడు.

"రెండూ కాదు. తిట్టించుకుందామని వచ్చాను."

"అయితే కూర్చో, తీరిగ్గా తిడతాను." పిండిముద్దని బల్లకేసి కొట్టాడు. "ఉన్నట్టుండి చెయ్యి వదిలేస్తే ఎలాగక్కా? నిన్ను ఈ బట్టీ ముందు నిలబెట్టి, కాల్చుకో పో అని నేను చేతులు కట్టుకుంటే నీకెలా ఉంటుంది?"

"మాడుస్తాను."

"మాడుస్తావ్, తప్పకుండా."

"మాడ్చనిస్తావా బాబాయ్?"

ఆయన చేతులాగాయి. బట్టీ వైపు చూశాడు. దాని దగ్గర ఆయన ఎంతమందికి పని నేర్పాడో, ఎన్ని పళ్ళేలు బొగ్గు చేయించి బయట పారబోశాడో గుర్తొచ్చి ఉంటుంది. మొదట్లో అందరి చేతుల్లోంచీ రొట్టెలు తీసే పార లాక్కున్నాడు. లాక్కున్నంతకాలం ఎవరికీ పని రాలేదు.

"నువ్వు మాత్రం ముందే చెప్పి ఉండాల్సింది. కంపు పెట్టి చెప్పడమేంటి?" అన్నాడు.

"నిజమే. ముందు చెప్పే ధైర్యం చాల్లేదు. చెబితే మీరు బతిమాలతారు, నేను కరిగిపోతాను."

"కరుగుతావ్," అని ఆయన నవ్వి, రెండు రొట్టెలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. తర్వాతి నెల శనివారం అందరికంటే ముందు షెడ్డు తలుపు దగ్గర నిలబడింది ఆయనే.

ఆ నెలలు అక్కకి శిక్షలాగే గడిచాయి. గొట్టాలు తిరగేసి బిగించారు. పంపులో ముందుగా నీళ్ళు నింపాలని మర్చిపోయి వట్టిగా తిప్పి, అది కేకలు పెడుతుంటే భయపడి పరిగెత్తారు. టీచరు క్లోరిన్ చొక్కా మీద ఒలకబోసుకుని, చొక్కా తెల్లబడితే బడిలో పిల్లల దగ్గర ఏదో కథ అల్లాల్సి వచ్చింది. అక్క జేబుల్లో చేతులు దూర్చుకుని అటూ ఇటూ తిరిగేది. అడిగిన ప్రతిదానికీ చెప్పేది, చెప్పిందే మళ్ళీ చెప్పేది. ముట్టుకోలేదు. పోనుపోను వాళ్ళే పట్టుదలగా తయారయ్యారు. కెప్టెన్ తన పళ్ళ ఆస్పత్రి మూసేసి, మధ్యలో ఏదో ఒక సాయంత్రం వచ్చి పంపు విప్పి చూసుకునేవాడు. బేకరీ ఆయన గొట్టాలు తనే కడిగి చుట్టేవాడు, అక్క చుట్టినదానికంటే వంకరగా, అంతకంటే గట్టిగా.

వానలు మొదలయ్యాయి. ఏరు ఎర్రగా పొంగింది. కల్నలు మళ్ళీ వచ్చాడు, తెల్లగుడ్డ తీశాడు.

"మీరివాళ లేరు."

"లేను సార్," అంది అక్క. ఈసారి ఆవిడకి అరికాళ్ళ నుంచి భయంగా ఉంది.

ఆయన పెట్టిన షరతు ఒక్కటే. మధ్యాహ్నం సైరన్ మోగేలోపు వెయ్యిమందికి సరిపడా తాగేనీళ్ళు. ఆలస్యమైతే మార్కులు తగ్గుతాయి, నీళ్ళు చెడితే తాళం పడుతుంది.

బేకరీ ఆయన ముందుగా డీజిలు కొళాయి తిప్పి, మీసం కింద నవ్వుకుని, తాడు లాగాడు. పంపు అందుకుంది. ఏటినీళ్ళు మొదటి తొట్టిలో పడ్డాయి, పటిక వేశారు, బురద కిందికి దిగింది. తేరిన నీళ్ళు ఫిల్టర్ల గుండా వెళ్ళి తెల్లగా రావడం మొదలైంది. అంతా సవ్యంగా పోతుండగా మంచినీళ్ళు నింపాల్సిన పెద్ద రబ్బరు ట్యాంకు పక్కనుంచి చిరిగింది. కెప్టెన్ కంగారుపడలేదు. "చిన్నది తెండి," అన్నాడు. పక్కన చిన్న ట్యాంకులు రెండున్నాయి. ఒకటి పరిచి గొట్టం అందులో పెట్టారు. నిండింది. టీచరు క్లోరిన్ డబ్బా తీసి, పొద్దున్నే కొలిచి ఉంచిన మందుని గబగబా అందులో పోసేసింది.

గోడ పక్కన అక్క ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది.

అది పెద్ద ట్యాంకుకి కొలిచిన మందు. చిన్నదాంట్లో పోస్తే రెట్టింపు. ఆ నీళ్ళు తాగితే గొంతు మండుతుంది, కడుపులో తిప్పుతుంది. ఒక్క మాట చాలు, "టీచరమ్మా" అంటే చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. నోరు తెరిస్తే పరీక్ష అక్కడితో ముగుస్తుంది. నోరు మూసుకుంటే కెప్టెన్ మంచినీళ్ళ కొళాయి తిప్పుతాడేమో, ఆ నీళ్ళే కల్నలు గ్లాసులో పడతాయేమో. ఒకప్పుడైతే ఆఖరి పరీక్ష తను చేసేది కాబట్టి ఎవరి పొరపాటైనా తన చేతిలో ఆగేది. ఇప్పుడు ఆ చెయ్యి లేదు. తన మొహంలో ఏదైనా కనిపిస్తుందేమోనని అక్క వాళ్ళకి వీపు తిప్పి గోడకేసి నిలబడింది. రేకు మీద వాన పడుతోంది. వెనక ఏం జరుగుతోందో వినడం తప్ప చెయ్యగలిగింది లేదు.

మందు నీళ్ళలో కలిసేదాకా ఆగాల్సిన అరగంట గడిచింది.

"నీళ్ళు పట్టేద్దామా?" బేకరీ ఆయన గొంతు.

"టైము దగ్గరపడింది. కొళాయి తిప్పండి," ఎవరో అన్నారు.

"ఆగండి!" అది టీచరు. బడిలో వెనక బెంచీదాకా వినబడే గొంతు. "ఇంకా చూడలేదు."

చిన్న గాజుగొట్టం టక్కుమన్న చప్పుడు. మాత్ర వేసి ఊపుతోంది. సరిగ్గా ఉంటే లేత గులాబీ రంగు రావాలి. అక్క కళ్ళు మూసుకుంది.

"రక్తంలా ఉందిది," అంది టీచరు. "నేనే. పెద్దదానికి కొలిచింది దీంట్లో పోశాను."

"ఎవరూ కొళాయి ముట్టుకోకండి," అన్నాడు కెప్టెన్ వెంటనే. "పారబొయ్యాలి. మొదట్నుంచీ చేద్దాం."

అక్క అయినా అదే చేసేది. పారబోసి, తిట్టుకుని, మళ్ళీ మొదలుపెట్టేది. ఆవిడకి తెలిసిన దారి అదొక్కటే.

"వద్దు సార్, వద్దు!" టీచరు గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "పెద్ద ట్యాంకంటే రెండు చిన్న ట్యాంకులే కదా! మందు ఎక్కువ కాలేదు, నీళ్ళే తక్కువయ్యాయి. రెండోది పరవండి. ఇందులో సగం అందులోకి తోడి, రెండూ ఫిల్టరు నీళ్ళతో నింపేద్దాం. అప్పుడు సరిపోతుంది."

"బాబాయ్, గొట్టం!"

"వస్తున్నా!"

అడుగుల చప్పుడు, రబ్బరు ఈడ్చిన చప్పుడు, పంపు ఒకసారి దగ్గి మళ్ళీ అందుకున్న చప్పుడు. ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు, ఆ అరుపుల్లో భయం లేదు. మధ్యలో సైరన్ మోగింది. టైము అయిపోయింది. ఎవరూ ఆగలేదు. రెండు ట్యాంకులూ నిండాయి, మళ్ళీ ఆగారు, మళ్ళీ గాజుగొట్టం టక్కుమంది. మొదటి ట్యాంకు నీళ్ళు, ఆ తర్వాత రెండోదానివి.

"గులాబీ!" అని అరిచింది టీచరు. "రెండూ గులాబీయే!"

అప్పుడు తిరిగింది అక్క. కెప్టెన్ గ్లాసు నింపి తనే తాగి, ఇంకోటి నింపి కల్నలుకిచ్చాడు. ఆయన వెలుగుకెత్తి చూసి, మొత్తం తాగి, పెదాలు తుడుచుకున్నాడు.

"ఆలస్యమైంది," అన్నాడు.

"అయింది సార్. చెడునీళ్ళు టైముకి ఇచ్చే బదులు మంచివి ఆలస్యంగా ఇచ్చాం," అన్నాడు కెప్టెన్. అరచేతులు ఒరుసుకుపోయి ఉన్నాయి, వాటిని దాచుకోలేదు.

కల్నలు కాగితం మీద ఏదో కొట్టేసి, మళ్ళీ రాశాడు. "మార్కులు తగ్గాయి. దళం ఉంటుంది," అన్నాడు.

షెడ్డు దద్దరిల్లిపోయింది. బేకరీ ఆయన ఒళ్ళంతా నీళ్ళోడుతూ అక్క దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు.

"అక్కా! నమ్ముతావా? అంత గొడవలో మాకు నువ్వు గుర్తే రాలేదు!"

ఆ మాట నేరుగా గుండెల్లో దిగింది. ఈ దళం కోసం ఇన్నేళ్ళు చాకిరీ చేసిన మనిషికి అంతకంటే కష్టమైన మాట ఉండదు, అంతకంటే గొప్ప మాటా ఉండదు. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమే, కాదని ఎవరంటారు, కానీ మొత్తం సంతోషమే కాదు. ఏదో చేతిలోంచి జారిపోయింది. జారాలనే కదా ఇన్నాళ్ళూ పళ్ళు బిగబట్టుకుని నిలబడింది!

"నాకు కావాల్సింది అదే బాబాయ్," అంది. వెళ్ళి గ్లాసు పట్టుకుని అందరి వెనకా వరసలో నిలబడింది.

సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడింది. బూట్లు విప్పే ఓపిక కూడా లేదు.

"నెగ్గారా?" అంది అత్తగారు.

"నెగ్గారు అత్తయ్యా."

"నువ్వేం చేశావ్?"

"ఏమీ చెయ్యలేదు. గోడకేసి చూస్తూ నిలబడ్డాను."

అత్తగారు కోడలి మొహం కాసేపు పరకాయించి చూసింది. ఇంకేమీ అడక్కుండా, మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా కూర్చుని, ఆవిడ బూట్ల తాళ్ళు విప్పబోయింది.

"వద్దు అత్తయ్యా, నేను తీసుకుంటాను."

"నోర్ముయ్," అంది అత్తగారు. "ఇవాళ చాలా పని చేశావ్."